పది క్లూలు, రెండు జవాబులు: ఒక ప్రయాణాల పజిల్ కేస్ స్టడీ

"సార్, ఇది రెండు రకాలుగా వస్తోంది. రెండూ కరెక్టే."

పరీక్షల కోసం నేను తయారుచేసే రీజనింగ్ పజిళ్లు బయటికి వెళ్లేముందు సరిచూసే సహోద్యోగి అన్న మాట ఇది. ఈ పని చాలా ఏళ్లుగా చేస్తున్నవాణ్ణి కదా, అలవాటుగా "ఎక్కడో లెక్క తప్పి ఉంటావమ్మా, ఇంకోసారి చూడు" అనేశాను. ఆమె వాదించలేదు. రెండు టేబుళ్లు గీసిన కాగితం నా ముందు పెట్టి తన సీటు దగ్గరికి వెళ్లిపోయింది. ఒక టేబుల్ ఎర్ర పెన్నుతో, ఇంకోటి నీలం పెన్నుతో ఉంది. కింద పది క్లూలకూ నంబర్లు వేసి, ఒక్కో నంబరు పక్కన ఒక ఎర్ర టిక్కు, ఒక నీలం టిక్కు పెట్టింది. మొత్తం ఇరవై టిక్కులు. నేను కూర్చుని ఒక్కొక్కటే చెరిపేద్దామని మొదలుపెట్టాను. ఒక్కటీ చెరపలేకపోయాను.

ఇంతకీ పజిల్ ఇది. ఎనిమిది మంది ఉన్నారు: అనిత, భాను, చందు, గీత, హరి, కిరణ్, లత, మధు. ఎనిమిది నగరాలు: కైరో, టోక్యో, నైరోబి, పారిస్, రోమ్, లండన్, లిమా, సిడ్నీ. ఏప్రిల్, మే, జూన్, జూలై నెలల్లో 7, 18 తేదీల్లో ప్రయాణాలు. ఒక తేదీన ఒక్కరే వెళ్తారు, ఒక నగరానికి ఒక్కరే వెళ్తారు. పరీక్షలో అయితే క్లూలన్నీ ఒకే పేరాగా కలిపేసి ఉంటాయి. ఇక్కడ మాట్లాడుకోవడానికి వీలుగా నంబర్లు వేస్తున్నాను.

1. అనిత 31 రోజులున్న నెలలో 18వ తేదీన వెళ్తారు.
2. అనిత ప్రయాణానికీ కైరో ప్రయాణానికీ మధ్య సరిగ్గా ఇద్దరు వెళ్తారు.
3. కైరో వెళ్లే వ్యక్తి, మధు ఒకే నెలలో వెళ్తారు.
4. అనితకు ముందు ఎంతమంది వెళ్తారో, కిరణ్ తర్వాత అంతమంది వెళ్తారు.
5. హరి, అనిత ఒకే నెలలో వెళ్తారు.
6. లత 7వ తేదీన నైరోబి వెళ్తారు. పారిస్ ప్రయాణం అయిన వెంటనే వచ్చే ప్రయాణం లతదే.
7. భాను, చందుల మధ్య సరిగ్గా ఒక్కరు వెళ్తారు.
8. చందు పారిస్ వెళ్లరు.
9. లండన్, రోమ్ ప్రయాణాలు ఒకే నెలలో ఉంటాయి. హరి లండన్ వెళ్లరు.
10. టోక్యో, సిడ్నీ ప్రయాణాలు రెండూ 30 రోజులున్న నెలల్లోనే ఉంటాయి. సిడ్నీ ప్రయాణం 7వ తేదీన.

కథలోకి వెళ్లేముందు ఒక్క మాట. క్లూలన్నిటిలో "వెళ్తారు", "వెళ్లే వ్యక్తి" అనే ఉందని గమనించారా? అది మర్యాద కోసం కాదు. తెలుగులో "కైరో వెళ్లేవాడు" అని రాశామంటే ఎనిమిది మందిలో అనిత, గీత, లత అక్కడికక్కడే ఎగిరిపోతారు. మనం ఇవ్వదలచుకోని క్లూ క్రియలోంచి జారిపోతుంది. ఇంగ్లిష్‌లో రాసేవాళ్లకు ఈ బాధ తక్కువ, మనకు ప్రతి వాక్యంలోనూ ఉంది. మొదటి డ్రాఫ్టులో నేనే రెండుచోట్ల దొరికిపోయి దిద్దుకున్నాను. పేర్ల మొదటి అక్షరాలు వేర్వేరుగా ఉండేలా చూసుకోవడం కూడా ఇలాంటి జాగ్రత్తే. టేబుల్లో అ, భా, చ, గీ అని ఒక్క అక్షరంతో గీసుకుంటారు కాబట్టి, రవి, రమ, రాజు అని పెడితే చేసేవాడి ప్రాణం తీసినట్టే.

ఇప్పుడు సాధన. నాకు వచ్చిన పద్ధతిలోనే చెప్తాను, ఎందుకంటే తప్పు ఆ పద్ధతిలోనే దాక్కుంది.

తేదీలను తేదీలుగా ఉంచితే కన్ను తిరుగుతుంది. ఏప్రిల్ 7ని 1గా, ఏప్రిల్ 18ని 2గా, అలా జూలై 18ని 8గా రాసుకుంటాను. బేసి నంబర్లన్నీ 7వ తేదీలు, సరి నంబర్లన్నీ 18వ తేదీలు. ఏప్రిల్, జూన్‌లకు 30 రోజులు కాబట్టి 1, 2, 5, 6 ఒక జట్టు. మే, జూలైలకు 31 కాబట్టి 3, 4, 7, 8 ఇంకో జట్టు. కాగితం మీద ఈ మూడు లైన్లు రాశాక ఇక క్యాలెండర్‌తో పనిలేదు.

మొదటి క్లూ ప్రకారం అనిత 4 గానీ 8 గానీ. రెండో క్లూలో మధ్య ఇద్దరు అంటే నంబర్ల తేడా 3. తొందరలో తేడా 2 అని వేసేసుకునేవాళ్లు నేను చూసినంతలో తక్కువేమీ కాదు. అనిత 4 అయితే కైరో 1 లేదా 7. అనిత 8 అయితే కైరో 5 ఒక్కటే, ఎందుకంటే 11 అనే స్థానమే లేదు. మూడు కేసులు తేలాయి. ఈ మూడిట్లోనూ కైరో 7వ తేదీనే పడింది కాబట్టి అదే నెలలో వెళ్లే మధు ఆ పక్కనున్న 18కి వెళ్లాలి. నాలుగో క్లూ చూడటానికి తికమకగా ఉంటుంది కానీ లోపల చిన్న లెక్కే: అనిత స్థానం, కిరణ్ స్థానం కలిపితే 9. అనిత 4 అయితే కిరణ్ 5, అనిత 8 అయితే కిరణ్ 1. ఐదో క్లూతో హరి అనిత పక్కన, అంటే 3లో గానీ 7లో గానీ.

కేస్ 1: కైరో 1, మధు 2, హరి 3, అనిత 4, కిరణ్ 5.
కేస్ 2: హరి 3, అనిత 4, కిరణ్ 5, కైరో 7, మధు 8.
కేస్ 3: కిరణ్ 1, కైరో 5, మధు 6, హరి 7, అనిత 8.

ఇక్కడ చాలామంది ఒక టేబుల్ గీసి, నప్పకపోతే రబ్బరుతో చెరిపి రెండోది మొదలుపెడతారు. నేను మూడూ పక్కపక్కనే గీస్తాను. చెరిపితే ఏ కేసు ఎందుకు చచ్చిందో గుర్తుండదు. తర్వాత ఎక్కడో తప్పు తగిలినప్పుడు మళ్లీ మొదటికే రావాలి.

ఆరో క్లూ ఈ పజిల్‌కు గుండెకాయ. లత 7వ తేదీన, అంటే బేసి స్థానంలో ఉండాలి. లతకు ముందు పారిస్ ఉండాలి కాబట్టి 1 కుదరదు. లతది నైరోబి కాబట్టి కైరో స్థానమూ కుదరదు. కేస్ 1లో ఖాళీగా ఉన్న బేసి స్థానాలు 1, 7. ఒకటి పోయింది కాబట్టి లత 7, పారిస్ 6. కేస్ 2లోనూ ఖాళీ బేసి స్థానాలు 1, 7. అక్కడ 7 కైరోది. రెండు తలుపులూ మూసుకున్నాయి, కేస్ 2 అక్కడితో సరి. కేస్ 3లో 3, 5 ఖాళీ. 5 కైరోది, కాబట్టి లత 3, పారిస్ 2.

ఏడో క్లూ. కేస్ 1లో మిగిలిన స్థానాలు 1, 6, 8. వీటిలో మధ్య ఒక్కరు ఉండే జంట 6, 8 మాత్రమే, కాబట్టి గీత 1. కేస్ 3లో మిగిలినవి 2, 4, 5. జంట 2, 4. గీత 5. రెండు కేసుల్లోనూ గీత కైరో స్థానంలోనే కూర్చుంది. ఎనిమిదో క్లూతో చందుకు పారిస్ వద్దు కాబట్టి రెండు చోట్లా భాను పారిస్‌కి. మిగతా నగరాలు చకచకా పడిపోతాయి. లండన్, రోమ్ ఒకే నెలలో ఉండాలంటే ఆ నెలలో రెండు స్థానాలకూ నగరం ఇంకా పడకుండా ఉండాలి. అలాంటిది హరి, అనితల నెల ఒక్కటే. హరికి లండన్ వద్దు, కాబట్టి హరి రోమ్, అనిత లండన్. ఇక మధు, కిరణ్, చందు మిగిలారు. వీళ్లలో 30 రోజుల నెలలో ఉన్నది మధు, కిరణ్. 7వ తేదీ కిరణ్‌ది, అందుకని సిడ్నీ కిరణ్‌కు, టోక్యో మధుకు, మిగిలిన లిమా చందుకు.

కేస్ 1 పూర్తయింది. అదే నేను మొదట రాసిపెట్టుకున్న జవాబు. పజిల్ తయారుచేసిన రోజు నేను ఇక్కడే ఆగిపోయాను.

ఆగిపోవడానికి కారణం ఉంది. పజిల్ చేసేవాడు క్లూల నుంచి టేబుల్ వైపు నడుస్తాడు. తయారుచేసేవాడిది ఎదురు నడక. నేను ముందు టేబుల్ నింపుకుని, దాన్ని చూస్తూ నిజమైన వాక్యాలు ఏరుకుంటాను. ప్రతి వాక్యమూ నిజమే కాబట్టి క్లూలు ఒకదానికొకటి అడ్డం రావు. కానీ ఆ వాక్యాలన్నీ కలిసి ఆ ఒక్క టేబుల్‌నే చూపిస్తున్నాయా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. నా పజిల్‌ను నేనే చేసి చూసుకున్నప్పుడు తెలిసిన జవాబు రాగానే మనసు సంతోషపడిపోయింది. కేస్ 3 కాగితం మీద సగంలో ఉంది. దాన్ని ఎవరూ చంపలేదు. నేనే వదిలేశాను.

పరీక్ష రాసేవాళ్లు ఇలా వదిలేస్తే నేను తప్పుపట్టను. జవాబు ఒక్కటే ఉంటుందన్న నమ్మకంతో, ఒక కేసు అన్ని క్లూలకూ నిలబడగానే ప్రశ్నలకు వెళ్లిపోవడమే తెలివి. టైమ్ కలిసొస్తుంది. ఆ నమ్మకాన్ని నిలబెట్టాల్సిన పని మాత్రం తయారుచేసేవాడిది.

ఆమె కాగితంలోని రెండు టేబుళ్లు ఇవి. ఎర్రది: ఏప్రిల్ 7 గీత కైరో, 18 మధు టోక్యో. మే 7 హరి రోమ్, 18 అనిత లండన్. జూన్ 7 కిరణ్ సిడ్నీ, 18 భాను పారిస్. జూలై 7 లత నైరోబి, 18 చందు లిమా.

నీలంది: ఏప్రిల్ 7 కిరణ్ సిడ్నీ, 18 భాను పారిస్. మే 7 లత నైరోబి, 18 చందు లిమా. జూన్ 7 గీత కైరో, 18 మధు టోక్యో. జూలై 7 హరి రోమ్, 18 అనిత లండన్.

ఎవరు ఏ నగరానికి వెళ్తారో రెండిట్లోనూ ఒకటే. తేదీలు మాత్రమే మారాయి. పైగా ఎలా పడితే అలా మారలేదు. కాగితాన్ని మధ్యకు చింపి పై ముక్కను కిందికి, కింది ముక్కను పైకి పెట్టినట్టుంది. ఏప్రిల్, మే ఎత్తుకెళ్లి జూన్, జూలైలో పెట్టారు. అక్కడున్నవాళ్లను ఇక్కడికి తెచ్చారు.

అది కనపడ్డాక టెన్షన్ పోయి ఆసక్తి మొదలైంది. ఇంత శుభ్రమైన తప్పు కావాలని చేయబోయినా రాదు. ఎందుకు వచ్చిందో క్లూ క్లూకీ చూశాను. సగాలు మార్చినా ఎవరి తేదీ వాళ్లదే. 7 వాళ్లు 7లోనే ఉంటారు. ఏప్రిల్ వాళ్లు జూన్‌కి వెళ్తారు, రెండూ 30 రోజుల నెలలే. మే వాళ్లు జూలైకి వెళ్తారు, రెండూ 31. ఒకే నెలలో ఉన్నవాళ్లు కలిసే కదులుతారు. దాంతో 1, 3, 5, 9, 10 క్లూలకు ఏ మార్పూ తెలియదు, ఎనిమిదోదానికి తేదీలతో పనే లేదు. "మధ్య ఇంతమంది" అనే 2, 7 క్లూలు, "వెంటనే" అనే 6వ క్లూ మాటేమిటి? వాటిలో వచ్చే జంటలు చూడండి: అనిత, కైరో ఒకే సగంలో ఉన్నాయి. భాను, చందు ఒకే సగంలో. పారిస్, లత కూడా అంతే. సగం మొత్తం కదిలితే వాటి మధ్య దూరం ఎందుకు మారుతుంది?

ఇక మిగిలింది నాలుగో క్లూ. తయారుచేసేటప్పుడు నేను నమ్ముకున్నది దాన్నే. "ముందు ఎంతమంది, తర్వాత ఎంతమంది" అంటే వరస మొదలునూ చివరనూ పట్టుకున్నట్టే కదా, టేబుల్‌కు మేకు కొట్టినట్టే కదా అనుకున్నాను. కానీ అందులో "ఎంత" అనే మాట ఉందేగానీ సంఖ్య లేదు. ఎర్ర టేబుల్లో అనితకు ముందు ముగ్గురు, కిరణ్ తర్వాత ముగ్గురు. నీలంలో అక్కడా ఏడుగురే, ఇక్కడా ఏడుగురే. సమానం సమానంగానే ఉంది. నేను మేకు అనుకున్నది గోడలో దిగనే లేదు.

ఆ రాత్రి ఇంకో సరదా చేశాను. ఒక్కో క్లూ ఎన్ని అమరికలను మిగులుస్తుందో లెక్కేశాను. ఎనిమిది మందిని ఎనిమిది తేదీల్లో పెట్టడానికి 40,320 మార్గాలు. నగరాలకూ అన్నే. మొత్తం 1,62,57,02,400, అంటే 162 కోట్ల పైమాటే. మొదటి క్లూ దాన్ని 40,64,25,600కు దించింది. రెండోది 7,62,04,800కు, మూడోది 1,08,86,400కు, నాలుగోది 18,14,400కు, ఐదోది 3,62,880కి. ఆరోది ఒక్క దెబ్బతో 1,440కి తెచ్చేసింది. అందుకే దాన్ని గుండెకాయ అన్నాను. ఏడుకు 480, ఎనిమిదికి 240, తొమ్మిదికి 12. పదోది అయ్యాక 2. నూట అరవై రెండు కోట్లు కరిగించిన క్లూలు ఆ ఆఖరి రెండిట్లో ఒకదాన్ని మాత్రం కదిలించలేకపోయాయి. అలాంటివి ఇంకో పది కలిపినా కదలవు. సంఖ్య చాలకపోవడం కాదు అసలు సమస్య, క్లూలన్నీ ఒకే జాతివి కావడం.

మందు వేయడానికి మూడు ప్రయత్నాలు పట్టింది. మొదటిది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఇంకో క్లూ కలిపితే సరిపోతుందనుకుని "మధు వెళ్లిన వెంటనే హరి వెళ్తారు" అని పెట్టాను. ఎర్రదానిలో మధు 2, హరి 3. నీలంలో 6, 7. రెండు టేబుళ్లూ దాన్ని హాయిగా మింగేశాయి. జంట మళ్లీ ఒకే సగంలోంచి ఏరాను కాబట్టి అది మందే కాదు. క్లూ పేరుతో ఒక లైన్ దండగ.

అప్పుడు అర్థమైంది, కావలసింది అవతలి సగంలోని ఒకరినీ ఇవతలి సగంలోని ఒకరినీ తీసుకుని ఎవరు ముందో చెప్పే వాక్యం. సగాలు తిరగబడితే ఆ వరస తిరగబడుతుంది. ఎర్రదానిలో మధు మొదటి సగం, లత రెండో సగం. కాబట్టి "మధు తర్వాత లత వెళ్తారు" అని రాసి పంపాను.

గంటలో తిరిగొచ్చింది. "సార్, ఇప్పుడు ఒక్క జవాబూ రావట్లేదు."

ఈసారి లెక్క తప్పావమ్మా అనలేదు. అడిగాను. "మధు తర్వాత లత అంటే పక్కనే కదా సార్? ఎర్రదానిలో మధు పక్కన హరి ఉన్నారు, నీలంలోనూ హరే ఉన్నారు. రెండూ పోయాయి." ఆమె చదివింది తప్పని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. సోమవారం తర్వాత మంగళవారం అంటాం, అక్కడ తర్వాత అంటే పక్కదే. పని అయిన తర్వాత ఫోన్ చేస్తా అంటాం, అక్కడ ఎంతసేపటికో ఎవరికీ తెలియదు. మన నోట్లో ఆ మాట రెండు అర్థాలతోనూ తిరుగుతుంది. మామూలు మాటల్లో సందర్భం చెప్పేస్తుంది. పజిల్‌కు సందర్భం ఉండదు. "ముందు" దీనికంటే మొండిది. తేదీల్లో ముందు అంటే ఇంతకుముందు, కుర్చీల వరసలో ముందు అంటే ఎదురుగా. రెండు రకాల పజిళ్లు ఒకే సెట్లో పక్కపక్కన ఇచ్చినప్పుడు దీంతో జనం బోల్తా పడటం చూశాను. అందుకే ఇప్పుడు నా డ్రాఫ్టుల్లో పక్కదే అయితే "వెంటనే" లేదా "సరిగ్గా" తప్పనిసరి. కాకపోతే "ఎప్పుడైనా" అన్న అర్థం పైకి కనపడేలా రాస్తాను.

మూడో ప్రయత్నంలో పదకొండో క్లూ ఇలా కుదిరింది: "లత కంటే ముందే మధు వెళ్తారు. ఇద్దరి మధ్య వేరేవాళ్లు ఉండవచ్చు, ఉండకపోవచ్చు." ఎర్రదానిలో 2, 7. నిలబడింది. నీలంలో 6, 3. పడిపోయింది. చిన్న పైథాన్ ప్రోగ్రామ్ రాసి మూడు రకాలుగానూ పరుగెత్తించాను. పది క్లూలతో రెండు జవాబులు, "వెంటనే" అన్న అర్థంలో పదకొండోది కలిపితే సున్నా, సరైన అర్థంలో ఒకటి. మనుషులు చేసి చూసుకున్నాకే ప్రోగ్రామ్‌కు ఇస్తాను. అది జవాబుల సంఖ్య చెప్తుందే కానీ వాక్యం రెండు రకాలుగా చదవొచ్చని చెప్పదు. దానికి ఇచ్చేటప్పటికే ఒక అర్థం నేను ఎంచుకుని ఉంటాను.

వేరే దారులు లేవా అంటే ఉన్నాయి. నాలుగో క్లూలో "ముగ్గురు" అని సంఖ్య పెడితే చాలు, అనిత మే 18కి అతుక్కుపోతారు. కానీ అలా చేస్తే కేస్ 3 పుట్టకముందే పోతుంది, పజిల్ చప్పబడుతుంది. రెండు కేసులను చివరిదాకా మోయించడంలోనే దీని రుచి ఉంది. నెలలు మార్చడం ఇంకో దారి. ఏప్రిల్ నుంచి జూలై దాకా 30, 31, 30, 31 అని ఒకటి విడిచి ఒకటి వస్తాయి, సగాలు మార్చినా తేడా తెలియకపోవడానికి అదే మూలం. జూలై, ఆగస్టు వరసగా 31 కాబట్టి జూన్ నుంచి సెప్టెంబర్ తీసుకుంటే 30, 31, 31, 30 అవుతుంది. ఆ సౌష్ఠవం ఉండదు. అయితే అప్పుడు కిరణ్ సిడ్నీ ప్రయాణం 31 రోజుల నెలలో పడి పదో క్లూ అబద్ధమవుతుంది. మొత్తం మళ్లీ అల్లుకోవాలి. అంత ఓపిక లేక వదిలేశాను, నిజం చెప్పాలంటే.

మేకు సంగతి ఈ కళకు కొత్తేమీ కాదు. 1962 డిసెంబర్‌లో లైఫ్ ఇంటర్నేషనల్ పత్రికలో వచ్చిన జీబ్రా పజిల్ చాలామందికి తెలిసే ఉంటుంది. ఐదు ఇళ్లు, ఐదు దేశాలవాళ్లు, నీళ్లు తాగేది ఎవరు, జీబ్రా ఎవరిది అన్నవి ప్రశ్నలు. ఐన్‌స్టీన్ చిన్నప్పుడు రాశాడని ప్రచారం ఉంది కానీ దానికి ఆధారం లేదు. అందులో ఎక్కువ క్లూలు దేశాన్ని రంగుతోనో, జంతువును సిగరెట్ బ్రాండుతోనో ముడిపెట్టేవే. వాటి మధ్యలో "నార్వే మనిషి మొదటి ఇంట్లో ఉంటాడు", "మధ్య ఇంట్లో పాలు తాగుతారు" అని స్థానం ఫలానా అని చెప్పే రెండు వాక్యాలు ఉంటాయి. చాలామంది చేయడం మొదలుపెట్టేది ఆ రెండిటితోనే. సుడోకులోనూ ఇలాంటి నియమమే ఒకటుంది. ఇచ్చిన అంకెల్లో కనీసం ఎనిమిది రకాలు ఉండాలి. రెండు అంకెలు అసలు కనపడకపోతే, జవాబులో ఆ రెండిటినీ ఒకదాని చోట ఇంకోటి మార్చేసినా ఏ గడీ అభ్యంతరం చెప్పదు. నా పజిల్లో రెండు సగాలు చేసిన పని అదే.

పజిల్ కింద ఐదు ప్రశ్నలు ఉన్నాయి. కైరో ఎవరు వెళ్తారు? చందు ఎక్కడికి వెళ్తారు? ఈ రెండిటికీ ఎర్ర టేబుల్‌తో చేసినా నీలంతో చేసినా జవాబు ఒకటే: గీత, లిమా. మిగతా మూడు చీలిపోతాయి. జూన్ 18న ఎవరు అంటే ఎర్రదానిలో భాను, నీలంలో మధు. హరికీ భానుకూ మధ్య ఎంతమంది అంటే ఇద్దరు, నలుగురు. కిరణ్‌కు ముందు ఎంతమంది అంటే నలుగురు, ఎవరూ లేరు. నా జవాబుల కీతో పది క్లూల డ్రాఫ్టు అలాగే బయటికి వెళ్లి ఉంటే, న్యాయంగా చేసినవాళ్లలో నీలం కేసు ముందు పట్టుకున్న ప్రతి ఒక్కరూ ఐదుకి రెండు మార్కులతో ఇంటికి వెళ్లేవాళ్లు. ప్రశ్నలు ముందే చదివే అలవాటున్నవాళ్లు మొదటి రెండూ కేసులు తేలకముందే పెట్టేసి ఉండేవాళ్లు. ఏడో క్లూ దగ్గరే గీత తేలిపోతారు కదా.

మర్నాడు పాత ఫైళ్లు తీశాను. నాలుగు నెలలు, రెండు తేదీల మోడల్లో 30, 31 ఒకటి విడిచి ఒకటి వచ్చేవి మూడు దొరికాయి. రెండిట్లో "మొదటి ప్రయాణం ఫలానావారిది" అన్న వాక్యం ఉంది, బతికిపోయాను. మూడోదానిలో ఏమీ కనపడలేదు. దాన్ని నేను చేయలేదు. ఎర్ర పెన్ను, నీలం పెన్నుతో సహా ఆమె టేబుల్ మీద పెట్టి వచ్చాను.